అయిదుగురు చాలునా?

ఒక వెబ్‌సైటును కొత్తవారి చేతికిచ్చి, ఫలానా పని చేసిపెట్టమని చెప్పి, వారెక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని మౌనంగా గమనించడాన్ని యూజబిలిటీ టెస్టు అంటారు. వాడుక పరీక్ష అని నేనంటాను. దీన్ని తలపెట్టిన వారందరికీ ముందుగా కలిగే సందేహం ఒకటే: ఎంతమందిని పిలవాలి?

1993లో జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ ఇందుకొక సూత్రం కట్టారు. ఒక్కొక్కరి వల్ల సగటున 31 శాతం లోపాలు బయటపడతాయనుకుంటే, అయిదుగురితో దాదాపు 85 శాతం తెలిసిపోతాయి. 2000లో నీల్సన్ దీన్నే వ్యాసంగా వ్రాశాక అయిదు అంకె మంత్రమైపోయింది. పదిహేనుమంది దొరికితే అయిదుగురి చొప్పున మూడు విడతలుగా, నడుమ లోపాలు దిద్దుకుంటూ పరీక్షించమన్న ఆయన సలహాను మాత్రం చాలామంది మరచారు.

మరుసటి ఏడే జేరెడ్ స్పూల్, విల్ ష్రోడర్ ఎదురుచెప్పారు. నాలుగు సైట్లను 49 మందితో పరీక్షిస్తే, మొదటి అయిదుగురి వల్ల తేలినవి 35 శాతమేనట. అయితే అక్కడ ఎవరికి కావలసిన వస్తువును వారు కొనుక్కోవాలి. తలా ఒక దారిన నడిస్తే తలా ఒక ముల్లు గుచ్చుకోవడం సహజమే కదా!

నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది 1998 నాటి ప్రయోగం. డెన్మార్కుకు చెందిన రోల్ఫ్ మోలిక్ ఒకే సైటును, ఆనాటి హాట్‌మెయిల్‌ను, తొమ్మిది బృందాలకు అప్పగించారు. అందరూ కలిసి 310 లోపాలు చూపారు. వాటిలో 75 శాతం ఒక్కొక్క బృందానికే కనబడినవి! కారణాలు పలు ఉండవచ్చు గాని, నన్ను నిలబెట్టినది మరొక అంకె: పరీక్షకు వచ్చినవారికి ఆ బృందాలు ఇచ్చిన వేర్వేరు పనులు 51.

అంటే ఏ లోపం బయటపడుతుందన్నది చాలావరకు ప్రణాళిక వ్రాసుకున్న నాడే నిర్ణయమవుతోంది. ఆ పనిని ఏ మాటల్లో చెబుతామన్నదీ అంతే ముఖ్యం. మన తెలుగు పుటలకు ఇది మరీ వర్తిస్తుంది. "ప్రవేశించండి అన్నచోట నొక్కండి" అని మనమే చెప్పేస్తే, ఎదుటివారు అక్షరాలు పోల్చుకుని నొక్కుతారు. పరీక్ష నెగ్గినట్లే ఉంటుంది. లాగిన్ అన్న మాటకు అలవాటుపడిన మనిషికి ఆ తెలుగు మాట తనంతట తాను అర్థమయిందో లేదో మాత్రం తెలియదు. "మీకు వచ్చిన ఉత్తరాలు చూసుకోండి" అని ఊరుకుంటే తెలుస్తుంది.

కనుక మిత్రులారా, పిలవవలసిన వారి జాబితాకన్నా ముందు ఇవ్వవలసిన పనుల జాబితా వ్రాయండి. అందులో మీ సైటులోని మాటలు ఎక్కడైనా దొర్లితే కొట్టివేయండి. ఆ తరువాత అయిదుగురినే పిలిచినా నష్టం లేదు.