సర్పగంధ: అడవినుండి ఆసుపత్రికి

ఢిల్లీ కరోల్‌బాగులోని తిబ్బియా కళాశాల ప్రహరీ ప్రక్కగా మనలో అనేకులు నడచియుందురు. 1921 లో గాంధీమహాత్ముడు ప్రారంభించిన ఆ విద్యాలయమున ఒక అడవిపొద గుట్టు రట్టయినదని ఎరిగినవారు కొలదిమందియే.

ఆ పొద సర్పగంధ. మోకాలెత్తు మొక్క. కణుపునకు మూడేసి నాలుగేసి ఆకులు, ఎఱ్ఱని కాడలపై తెల్లని పూలు, పండినంతనే నల్లబడు చిన్నికాయలు. హిమాలయపు దిగువకొండలు, అస్సాము, తూర్పు పడమటి కనుమలు దీని నివాసములు. సాలవృక్షముల నీడ, ఆకు కుళ్ళిన తేమనేల దీనికి ప్రియము. గుణమెల్ల వేరునందు, అందును బెరడునందు మిక్కుటము. బీహారు పల్లెలలో దీనిని ‘పాగల్ కీ దవా’, అనగా పిచ్చిమందు, అనిరి. పాముకాటునకు విరుగుడన్న ఖ్యాతి మాత్రము, నా తలంపున, పేరును బట్టి వచ్చినదే.

1931 లో సలీముజ్జమాన్ సిద్దికీ, రఫత్ హుస్సేన్ సిద్దికీ అను రసాయనజ్ఞులు తిబ్బియాలో ఈ వేరునుండి కొన్ని ఆల్కలాయిడులను వేరుపరచిరి. అందొకదానికి, 1927 లో గతించిన హకీం అజ్మల్ ఖాన్ పేర ‘అజ్మలీన్’ అని నామకరణము చేసిరి. అదే ఏట గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ గారలు ఈ వేరు రక్తపుపోటును తగ్గించుననియు, ఉన్మాదమును శమింపజేయుననియు ప్రకటించిరి. లోకము వినలేదు. 1949 లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ గారు ఏబదిమంది రోగులపై తమ పరిశీలనను ఆంగ్లదేశపు హృద్రోగ పత్రికలో ప్రకటించిన పిమ్మటనే పాశ్చాత్యులు చెవియొగ్గిరి. మన పత్రికలో వెలువడిన మాటకు విలువ రాక, పదునెనిమిదేండ్లు రోగులు నిరీక్షింపవలసి వచ్చుట విచారకరమే!

1952 లో స్విట్జర్లాండులోని సీబా సంస్థవారు రిసర్పీనును వేరుపరచిరి. పిదప స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ ఈ మందుతో కదలికలుడిగిన కుందేళ్ళకు ఎల్-డోపా ఇచ్చి తిరిగి లేపెను. పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు త్రోవ చూపిన ఆ కృషికి 2000 లో నోబెల్ బహుమానము లభించినది.

కాని ఈ కీర్తికి మూల్యము చెల్లించినది అడవి. ఆకు కోసిన మొక్క చిగుర్చును. వేరు త్రవ్విన మొక్క మిగులదు. విత్తనములును అరకొరగా మొలచును. అందుచే 1990 లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడికలో దీనిని చేర్చిరి.

రక్తపుపోటునకు రిసర్పీను వాడుక నేడు మిక్కిలి తగ్గినది. సిద్దికీగారు 1951 లో పాకిస్తానునకు తరలి, 1994 లో కరాచీలో కన్నుమూసిరి. వారు ఢిల్లీలో పేరిడిన అజ్మలీన్ మాత్రము, దాగియున్న ఒక గుండెలయ దోషమును బయలుపరచుటకై ఐరోపా ఆసుపత్రులలో ఇప్పటికిని వాడబడుచున్నది.