మురుగు కాలువల శుద్ధి: సాధనముల చరిత్ర

నగరముల చరిత్ర వ్రాయువారు కోటలను, కొలువుకూటములను వర్ణింతురు గాని, వాని క్రింద పాఱు మురుగు కాలువల ప్రసక్తి తేరు. అయినను నగరము నిలుచుటకు కోటగోడ యెంత అవసరమో మురుగు కాలువయు నంతే అవసరము. కాలువ త్రవ్వుట ఒక యెత్తు. త్రవ్విన దానిని పూడిపోకుండ కాపాడుకొనుట మఱియొక యెత్తు. ఈ రెండవ పనికి మానవుడు ఏయే సాధనములను కల్పించుకొనెనో, అవి ఆ చీకటిలోనుండి మనిషిని ఎంతవఱకు పైకి తేగలిగినవో పరిశీలించుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొహెంజొదారో వాసులు సుమారు 4500 ఏండ్ల క్రిందటనే వీధుల వెంబడి ఇటుక కాలువలు కట్టి, అవసరమైనపుడు ఎత్తి పూడిక తీయుటకు వీలుగా వానిపై మూతలు పఱచిరి. నడుమ నడుమ మడ్డి దిగుటకు గుంటలు నిర్మించిరి. రోము నగరమున క్రీ.పూ. 33లో అగ్రిప్ప అను అధికారి కాలువలను శుభ్రము చేయించి, పడవ నెక్కి వానిగుండ టైబరు నది వఱకు వెళ్ళెనని డియో అను చరిత్రకారుడు వ్రాసెను. అధికారి తనిఖీకి దిగిన కథ ఇది. మఱి పూడిక తీసినవారెవరు? వృద్ధులైన నేరస్థులను స్నానశాలలు, మురుగు కాలువలు శుభ్రపఱచు పనులకు నియోగింపవచ్చునని చక్రవర్తి ట్రాజను తన రాష్ట్రపాలకుడైన ప్లీనీకి వ్రాసిన లేఖ నిలిచియున్నది. ఆ పని శిక్షకు సమీపమైనదని నాడే తలచిరన్న మాట.

ఈ విద్యకు పెద్ద బడి పారిస్ నగరము. 1805 నాటికి అచ్చటి కాలువలకు సరియైన పటమే లేదు. బ్రూనెసో అను తనిఖీ అధికారి పనివారిని వెంట గొని లోపలికి దిగి, ఏడేండ్లపాటు వానిని శోధించి, శుద్ధి చేయించి, పటమున కెక్కించెను. విక్టర్ హ్యూగో తన ‘లే మిజెరాబ్ల్’ నవలలో ఈ సాహసమును ప్రత్యేకముగా వర్ణించెను. అటుపిమ్మట నగర పునర్నిర్మాణ కాలమున బెల్‌గ్రాన్ అను ఇంజనీరు మనిషి నిలువుగా నడువగల విశాలమైన సొరంగములు కట్టించెను. నడుమ మురుగు పాఱును, ఇరుప్రక్కల కాలిబాటలుండును. 1878లో అతడు మరణించు నాటికి ఆ కాలువల పొడవు సుమారు 600 కిలోమీటర్లు.

ఇంత పొడవున పేరుకొను ఇసుకను పారలతో ఎత్తిపోయుట అసాధ్యము. కనుక మురుగునీటి బలముతోనే మురుగు కాలువను కడిగించు ఉపాయము పన్నిరి. పెద్ద కాలువలలో పడవను, చిన్నవానిలో పట్టాలపై నడచు బండిని దింపిరి. రెంటికిని ముందు భాగమున కాలువ కొలతకు సరిపడు తలుపొకటి యుండును. తలుపు దింపినంతనే వెనుక నీరు నిలిచి మట్టము పెరుగును. ఆ నీరు తలుపు క్రింది సందులనుండి మహావేగమున వెడలి, ఎదుటి ఇసుకను కలచి ముందునకు త్రోయును. వెనుకనున్న నీటి ఒత్తిడి పడవను మెల్లగా నడుపును. గుఱ్ఱము లేదు, ఆవిరియంత్రము లేదు.

ఇంతకన్న ముచ్చటైనది కొయ్యబంతి. 1868లో సేన్ నది అడుగున, ఆల్మా వంతెన దగ్గఱ, ఒక గట్టు మురుగును రెండవ గట్టునకు చేర్చుటకు మీటరు వ్యాసము గల రెండు ఇనుప గొట్టములు వేసిరి. నిత్యము నీటితో నిండియుండు ఆ గొట్టములలోనికి మనిషి పోజాలడు. అందుచే 85 సెంటీమీటర్ల వ్యాసము గల కొయ్యబంతిని అందు విడిచిరి. కొయ్య తేలును గనుక బంతి గొట్టపు పైభాగమునకు ఆనుకొని పోవును. నీటికి క్రింద సన్నని సందు మాత్రమే మిగులును. ఆ సందున దూసికొనిపోవు నీరు అడుగునున్న మడ్డిని ఊడ్చుకొనిపోవును. బంతి ఆవలి గట్టున తేలిన పని ముగిసినట్లే. మనిషి దిగకయే పని జరిగిన చక్కని దృష్టాంతమిది.

లండనువారు కాలువ రూపమునే సాధనముగా మార్చిరి. 1840 ప్రాంతముల జాన్ రో అను సర్వేయరు అడ్డుతలుపులతో నీటిని నిలిపి ఒక్కుమ్మడి విడుచు పద్ధతిని, గ్రుడ్డు ఆకృతి గల కాలువలను ప్రచారమునకు తెచ్చెను. అడుగు సన్నగా నుండుటచే కొద్దిపాటి నీరైనను వేగముగా పాఱి మడ్డిని నిలువనీయదు. 1858 నాటి మహాదుర్గంధము తరువాత బాజల్‌గెట్ నిర్మించిన 82 మైళ్ళ ప్రధాన కాలువలు లోకప్రసిద్ధములు.

ఇక సన్నని గొట్టముల సంగతి. ఒక మ్యాన్‌హోలులో దీపమును, తరువాతి దానిలో అద్దమును ఉంచి చూచుట పాత పరీక్ష. వెలుగు పూర్ణచంద్రునివలె కనిపించిన గొట్టము నిర్మలము. అర్ధచంద్రుడైన మడ్డి యున్నట్లు. 1933 ప్రాంతమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున శామ్యూల్ బ్లాంక్, బట్టలుతుకు యంత్రపు మోటారుతో ఉక్కుత్రాడును త్రిప్పి, దాని కొననున్న కత్తులతో గొట్టములలోని చెట్టువేళ్ళను కోయు సాధనము నిర్మించెను. పిమ్మట జెట్టింగ్ యంత్రములు వచ్చెను. వీని ముక్కునుండి నీటిధారలు వెనుకకు చిమ్ముటచే గొట్టము తనంత తాను ముందునకు ప్రాకును. మడ్డి మ్యాన్‌హోలు వైపునకు కొట్టుకొనివచ్చును. దీపము, అద్దము చేయు పనిని నేడు చక్రములపై నడచు టెలివిజన్ కెమెరా చేయుచున్నది.

ఇన్ని సాధనములుండగా మన దేశమున వెదురుబద్దతో మనిషి మ్యాన్‌హోలులోనికి దిగుట తప్పలేదు. అందు హైడ్రోజన్ సల్ఫైడు పొంచియుండును. మొదట కుళ్ళిన గ్రుడ్ల వాసన తోచినను, మోతాదు హెచ్చిన కొలది అది వాసన పసిగట్టు శక్తినే చంపును. 2013 నాటి చట్టము రక్షణ సాధనములు లేక మనిషిని కాలువలోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి దింపుట నేరమనెను. 2015లో కోళికోడులో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఇద్దరు పనివారు మ్యాన్‌హోలులో ప్రాణములు విడిచిరి. వారిని రక్షింపబోయిన ఆటో డ్రైవరును మరణించెను. ఈ విషాదమే ప్రేరణగా కేరళ యువ ఇంజనీర్లు ‘బాండికూట్’ అను యంత్రమును నిర్మింపగా 2018లో తిరువనంతపురమున అది పనిలో దిగెను. 2017లో హైదరాబాదు జలమండలి ఇఱుకు సందులలోనికి పోగల 70 చిన్న జెట్టింగ్ వాహనములను ప్రవేశపెట్టెను. పని చేయుచు మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించెను. ఈ పోరాటమున తెలుగు కుటుంబమున జనించిన బెజవాడ విల్సన్ కృషి చిరస్మరణీయము.

యంత్రము కొఱవడినందున మాత్రమే మనిషి దిగుటలేదు. యంత్రమును పిలుచుటకన్న మనిషిని పిలుచుట చౌక యను తలపు పోనందున దిగుచున్నాడు. కావున గుడ్డపీలికలను, ప్లాస్టిక్ సంచులను, నూనెజిడ్డును ఇంటి తూములో వేయకుండుట మన మొదటి కర్తవ్యము. తూము మూసికొనిపోయినపుడు నాలుగు రూపాయలు ఎక్కువైనను, రెండు దినములు ఆలస్యమైనను, వాహనము వచ్చువఱకు వేచియుండి, ఎవ్వరిని లోపలికి దిగుమని కోరకుండుట రెండవది.