ఇల్లు మారిన వంశవృక్షం

ఇల్లు మారడమంటే ఏమిటో బదిలీల ఉద్యోగస్తుల భార్యల్ని అడగాలి. మావారి ఉద్యోగం పుణ్యమా అని నేను పదకొండు ఇళ్ళు మారాను. మారిన ప్రతిసారీ ఏదో ఒకటి పోవలసిందే. ఒకసారి కవ్వం, ఒకసారి అట్లకాడ, ఇంకోసారి పిల్లవాడి చెప్పుల్లో ఒకటి. అవన్నీ మళ్ళీ కొనుక్కున్నాం. 1986లో కాకినాడ నుంచి కర్నూలు వెళ్ళేటప్పుడు పోయింది మాత్రం ఏ బజారులోనూ దొరికేది కాదు.

అది మా అత్తగారి ఎర్ర అట్ట పుస్తకం. ఇంట్లో పెద్దల పేర్లు, వాళ్ళు పోయిన తిథులు, ఏ కోడలు ఏ ఊరినుంచి వచ్చింది, పుట్టింటివారి ఇంటిపేరేమిటి, అన్నీ ఆవిడ గుండ్రటి అక్షరాలతో అందులో రాసుకున్నారు. సామాన్లు సర్దే హడావుడిలో పాత వారపత్రికలతోపాటు దాన్నీ పాత కాగితాలవాడికి తూచి ఇచ్చేశాను. సంగతి తెలిసి నేను ఏడుస్తూ కూర్చుంటే ఆవిడ ఒక్క మాట అనలేదు. "పోనీలేవే అమ్మాయ్, అన్నీ నాకు నోటికొచ్చుగా. నేనున్నానుగా!" అన్నారు.

ఆవిడ 1998 దాకా ఉన్నారు. ఆ పన్నెండేళ్ళలో ఒక్క మధ్యాహ్నం కాగితం, కలం పట్టుకుని ఆవిడ ముందు కూర్చోలేకపోయాను. ఏంచేతంటే, ఆవిడ ఉన్నారుగా!

ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, 2023 వేసవిలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు ఇంకో ఇల్లు మారడం చూశాను. లారీ లేదు, కూలీలు లేరు, గోనెసంచులు లేవు. మారింది మనుషులు కాదు, కొన్నివేల కుటుంబాల పేర్లు.

మా అమ్మాయి ఉండేది కెంటకీ రాష్ట్రంలో. పక్కింట్లో ఎనభై దాటిన ఒక రిటైర్డు టీచరుగారు ఒంటరిగా ఉంటారు. అక్కడ అందరూ ఆవిణ్ణి పేరుపెట్టి పిలుస్తారుగానీ అంత పెద్దావిణ్ణి అలా పిలవడానికి నాకు నోరు రాక, నా వరకు నేను "టీచరుగారూ" అనేదాన్ని. ఆ మాట ఆవిడకి భలే నచ్చింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా సాయంకాలం ఆవిడ పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చుంటే మాటలకి లోటుండేది కాదు.

ఆవిడ తమ సొంత కౌంటీ చరిత్రకి ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటు నడుపుతున్నారు. కౌంటీ అంటే మన తాలూకా లాంటిదనుకోండి. కెంటకీలో అలాంటివి 120 ఉన్నాయి. 1996లో ఆ రాష్ట్రంలోనే కొందరు ఔత్సాహికులు ఒక్కో కౌంటీకి ఒక్కరు చొప్పున బాధ్యత తీసుకుని, పాత రికార్డులు ఎత్తిరాసి అందరికీ ఉచితంగా చూపించాలనుకున్నారు. ఆ ఆలోచన ఏడాది తిరక్కుండానే దేశమంతా పాకింది. దానికే యూ.ఎస్.జెన్‌వెబ్ అని పేరు. జీతం లేదు, బత్తెం లేదు. వానలో ఎండలో శ్మశానాలు తిరిగి సమాధిరాళ్ళ మీద పేర్లు చదివి రాసుకొచ్చేవారు కొందరు. కచేరీలో పెళ్ళిళ్ళ రిజిస్టర్లు ఎత్తిరాసేవారు కొందరు. వాళ్ళ ఇళ్ళల్లో బైబిలు పుస్తకం మధ్య కాగితాల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకునే ఆచారం ఉంది. వాటికి ఫోటోలు తీసి పంపేవారు ఇంకొందరు. అది వినగానే నాకు ఎర్ర అట్ట పుస్తకం కళ్ళముందు మెదిలింది.

వెబ్‌సైటుకి ఉండడానికి చోటు కావాలి కదా. ఆ చోటునే సర్వర్ అంటారు. టీచరుగారి సైటు ఒకరు ఉచితంగా ఇచ్చిన చోట్లో ఉండేది. వాళ్ళ పేరెందుకులెండి! మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలని వాళ్ళు ఒక ఉత్తరం ముక్క పంపారు. అద్దె కట్టని ఇంట్లో ఉన్నవాళ్ళు దెబ్బలాడడానికి ఏముంటుంది?

"ఇది కొత్తేమీ కాదు" అన్నారావిడ. జియోసిటీస్ అని ఒకటుండేది. అందులో లక్షలాదిమంది మామూలు జనం ఉచితంగా సొంత పేజీలు పెట్టుకున్నారు. వంశచరిత్రలూ వాటిలో బోలెడు. 2009 అక్టోబరులో యాహూవారు దాన్ని మూసేశారు. కొందరు స్వచ్ఛంద సేవకులు రాత్రింబగళ్ళు కూర్చుని నకళ్ళు తీసుకోబట్టి చాలాభాగం దక్కింది. వంశచరిత్ర సైట్లు ఎన్నిటికో నీడనిచ్చిన రూట్స్‌వెబ్‌ని 2017 డిసెంబరులో భద్రతా కారణాలవల్ల ఆపేశారు. అందులో ఉన్న పేజీలు నెలల తరబడి కనబడకుండా పోయాయి. తమ దగ్గర మరో ప్రతి దాచుకున్నవాళ్ళు వేరేచోట కాపురం పెట్టుకున్నారు. దాచుకోనివాళ్ళు తలుపు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఇక మా పని మొదలైంది. మొదట పాతచోట ఉన్న కాగితాలన్నీ, అంటే ఫైళ్ళన్నీ, ఆవిడ కంప్యూటర్లోకి దింపుకోవాలి. దానికి ఇంకో నకలు విడిగా ఒక డిస్కులో దాచాలి. ఆ తర్వాతే కొత్తచోటికి ఎక్కించాలి. కొత్తచోట అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా పాతది ఖాళీ చెయ్యకూడదు. మనం కొత్తింట్లో పాలు పొంగించేదాకా పాతింటి తాళం చెవి వదలం చూడండి, అలాగన్నమాట.

దింపడం, ఎక్కించడం మా అల్లుడు చేసిపెట్టాడు. సరిచూడడం మా ఇద్దరి వంతు. పాత జాబితా కాగితం మీద అచ్చువేసుకుని, ఆవిడ ఒక్కొక్క పేజీ తెరుస్తుంటే నేను పెన్సిలుతో టిక్కు పెట్టేదాన్ని. సర్దడం కన్న సరిచూడడమే పెద్దపని అని అప్పుడు తెలిసింది. కొన్ని పేజీల్లో పాత చిరునామాలే మిగిలిపోయి, నొక్కగానే మమ్మల్ని మళ్ళీ పాతింటికే తీసుకుపోయేవి. కొన్నిచోట్ల పేర్ల మధ్య ఉండే కొమ్ములు పోయి పిచ్చిగీతలు వచ్చాయి.

మూడోనాడు ఓ చిత్రం జరిగింది. పెళ్ళిళ్ళ రిజిస్టరు దగ్గరకి వచ్చాం. పెళ్ళికొడుకుల పేర్ల పట్టిక చక్కగా తెరుచుకుంది. పెళ్ళికూతుళ్ళ పట్టిక నొక్కితే మాత్రం "అటువంటి పేజీ లేదు" అని వచ్చింది. టీచరుగారి ముఖం పాలిపోయింది.

నాకు అర్థం కాలేదు. "పెళ్ళికొడుకుల పట్టిక ఉందిగా, పక్కనే భార్య పేరుంటుందిగా" అన్నాను. అప్పుడు ఆవిడ చెప్పింది వింటే నాకు నోట మాట రాలేదు.

అమెరికాలో జనాభా లెక్కలు 1790లో మొదలయ్యాయి. 1840 దాకా ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు. భార్య, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ వట్టి అంకెలు. 1850లోగానీ స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం మొదలవలేదు. బానిసలుగా ఉన్న నల్లవారికి ఆ మాత్రం గతి కూడా లేదు. 1850, 1860 లెక్కల్లో యజమాని పేరు కింద వాళ్ళ వయస్సు, ఆడా మగా, రంగు రాసి ఊరుకున్నారు. వాళ్ళ పేర్లు అందరితోపాటు ఎక్కింది 1870లో.

సరే, పేర్లయితే ఎక్కాయి. ఇంతలో 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్యశాఖ భవనం నేలమాళిగలో నిప్పంటుకుంది. 1890 లెక్కల కాగితాలు కొంత మంటల్లో కాలిపోయాయి, కొంత మంటలార్పిన నీళ్ళలో నానిపోయాయి. అంతకుముందు లెక్కలకి నకళ్ళు స్థానిక కచేరీల్లో కూడా ఉంచేవారు. 1890వాటికి ఆ ఏర్పాటు లేదు. మిగిలినవాటినైనా దాచారా అంటే అదీ లేదు. 1933 ఫిబ్రవరి 20న అధ్యక్షుడు హూవర్ జాతీయ పురాలేఖల భవనానికి శంకుస్థాపన చేశాడు. ఆ మర్నాడే, పనికిరాని కాగితాల జాబితాలో వీటిని కూడా కలిపి తగలెయ్యడానికి కాంగ్రెసు అనుమతి ఇచ్చింది! సుమారు 6 కోట్ల 30 లక్షలమంది వివరాల్లో ఇప్పుడు మిగిలినవి దాదాపు 6,160 పేర్లు.

దాంతో 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళ అగాధం. 1880లో ఐదేళ్ళ పిల్లవాడు 1900 నాటికి పాతికేళ్ళవాడై అదే ఇంటిపేరుతో ఎక్కడో అక్కడ కనబడతాడు. ఐదేళ్ళ ఆడపిల్ల? పెళ్ళయి ఇంటిపేరు మారిపోయింది. ఎవరి ఇంట, ఏ పేరుతో ఉందని వెతుకుతారు? పుట్టింటి పేరు పట్టుకుని పోదామంటే, అచ్చువేసిన పట్టికలన్నీ మొగుడి పేరు ప్రకారం. అందుకని ఆ కౌంటీలో ఒకావిడ రెండు చలికాలాలు కూర్చుని మొత్తం రిజిస్టరుని తిరగరాసిందిట, పెళ్ళికూతురి పుట్టింటి పేరు ప్రకారం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పట్టికే ఇప్పుడు కనబడటంలేదు.

సాయంత్రం మా అల్లుడు వచ్చి చూసి నవ్వేశాడు. పట్టిక ఎక్కడికీ పోలేదు. దాని పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్దబడిలో ఉంది. దానికి దారి చూపే చోట చిన్నబడిలో ఉంది. పాత సర్వరు రెంటికీ తేడా పట్టించుకునేది కాదు, కొత్తది పట్టించుకుంటుంది. ఒక్క అక్షరం మార్చాడు. పేజీ నిండా ఆడవాళ్ళు వచ్చేశారు. టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, నాకు కళ్ళజోడు లేకపోయినా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర మాత్రం రాతలు ఎలా మిగిలాయి? కల్నల్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి కైఫీయతులు, దొరల వంశావళులు సేకరింపజేశాడు. 1821లో ఆయన పోయాక అవి కలకత్తా అనీ, లండను అనీ, మద్రాసు అనీ చెల్లాచెదురయ్యాయి. తెలుగు ప్రతులు శిథిలమవుతుంటే బ్రౌన్ దొర పూనుకుని నకళ్ళు రాయించాడు. అంటే, ఒకచోట కదలకుండా పడి ఉండడంవల్ల దక్కలేదు. ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ ఎత్తిరాయబట్టి దక్కాయి. అయినా అందులో ఎక్కినవి రాజుల పేర్లు, రెడ్ల పేర్లు, కరణాల పేర్లు. మన నాయనమ్మల పేర్లు ఎవరెక్కించారు? తద్దినం రోజున మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు చెప్తాం, నిజమే. అదీ అత్తింటి గోత్రంతోనే. పుట్టింటి పేరు అక్కడా రాదు. బ్యాంకువాళ్ళు మాత్రం రహస్యమైన ప్రశ్న అడగాలంటే "మీ తల్లి పుట్టింటి పేరేమిటి?" అని అడుగుతారుట. ఎవరికీ తెలియదని వాళ్ళకి ఎంత నమ్మకమో!

తెల్లవారకుండానే భీమవరంలో ఉన్న మావారి మేనత్తగారికి ఫోను చేశాను. ఆవిడకి తొంభై దాటాయి. "ఇన్నేళ్ళకి గుర్తొచ్చానటే?" అని దెప్పి, ఆ తర్వాత గంటసేపు చెప్పారు. నేను రాస్తూనే ఉన్నాను. వాళ్ళమ్మగారి పుట్టింటి పేరు, ఊరు, తోడబుట్టినవాళ్ళు, పురిట్లో పోయిన ఒక పిల్లతో సహా. నాయనమ్మ దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయారు. "మేమంతా బాపమ్మా అనేవాళ్ళమే. అసలు పేరు... నాలిక చివర ఉంది. పుట్టిల్లు తణుకు దగ్గరే ఎక్కడో."

ఆ గడి ఖాళీగా వదిలి పక్కన "తణుకు దగ్గర" అని రాశాను. ఊరు చేరాక ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొని అంతా ఎక్కించాను. మూడు నకళ్ళు తీయించి అమ్మాయికొకటి, అబ్బాయికొకటి, మేనత్తగారి మనవరాలికొకటి పంపాను.

టీచరుగారి సైటు కొత్తచోట హాయిగా ఉంది. పాతచోట "ఇల్లు మారాం, ఫలానా చోట ఉన్నాం" అని చివరి రోజుదాకా బోర్డు పెట్టే ఉంచారు.

మేనత్తగారు మాత్రం నాకు వారానికోసారి ఫోను చేస్తున్నారు. బాపమ్మగారి పేరు ఇంకా గుర్తుకు రాలేదు. "వస్తుందిలేవే, తొందరేముంది, నేనున్నానుగా!" అంటారు. ఆ మాట వినగానే నాకు గుండె గుభేలుమంటుంది. ఫోను పెట్టెయ్యకుండా, "పోనీ మీ బాపమ్మగారి అన్నదమ్ములెవరైనా గుర్తున్నారా అత్తయ్యగారూ?" అని కలం తీస్తాను.