సుబ్బారావుగారి విటమిను

నేను తెనాలిలో ల్యాబు పనికి చేరేనాటికి క్యాన్సరును పట్టుకోవడానికి మా దగ్గరున్నవి రెండే: డాక్టరుగారి వేళ్లు, ముక్క పరీక్ష. గడ్డ చేతికి తగిలితే అందులోంచి చిన్న ముక్క కోసి, ఫార్మలిన్ సీసాలో వేసి, మూత చుట్టూ ప్లాస్టరు అంటించి గుంటూరు పంపేవాళ్లం. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరెత్తేవారు కాదు. రేపల్లె వైపు ముసలివాళ్లయితే రాచపుండు అనేవారు, అదీ గొంతు తగ్గించి. అది కాస్తా నిజమని తేలితే ఇక మద్రాసు రైలే. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడయారులో పెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మా జిల్లా వాళ్లకు పెద్ద దిక్కు. బాపట్ల మెయిన్ లైను మీదే ఉంది కాబట్టి వాళ్లకు నేరుగా బండి దొరికేది. రేపల్లె వాళ్లు మాత్రం ప్యాసింజరులో తెనాలి దాకా వచ్చి, రోగిని ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టి, బండి మారాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, బాపట్లలో చదువుకుంటున్న మా మేనకోడలు బయోసెన్సర్ల మీద ప్రాజెక్టు చేస్తోంది. "మామయ్యా, బంగారు నానో రేణువులకి ఫోలిక్ యాసిడ్ పూస్తే అవి వెళ్లి క్యాన్సర్ కణాలకే అతుక్కుంటాయి, తెలుసా?" అంది. అమెరికా విద్య అన్నట్టు చెప్పింది. అందులో సగం భీమవరం విద్య అన్నాను నేను.

ఆ భీమవరం విద్య యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన ఎవరో తెలియకముందే ఆయన పద్ధతి నా చేతిలో ఉంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో చూడాలంటే మా ల్యాబు పుస్తకంలో రాసున్నది 'ఫిస్కే అండ్ సుబ్బరో' పద్ధతి. ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ పోసి ప్రొటీన్లు విరగ్గొట్టి వడకట్టాలి. ఆ తేటలో మాలిబ్డేటు, ఆ తర్వాత ఏఎన్ఎస్ఏ అనే మందు కలిపితే నీలం రంగు తిరుగుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. అయిదు నిమిషాలు ఆగి, ఎర్ర ఫిల్టరు పెట్టి కలరీమీటరులో చూసేవాళ్లం. సుబ్బరో కూడా ఫిస్కే లాంటి దొరేననుకున్నాం చాలాకాలం. 1925లో హార్వర్డులో ఆ పద్ధతి కట్టింది మన గోదావరి జిల్లావాడని చెప్పిన పుస్తకం మా ల్యాబులో ఒక్కటీ లేదు.

ఆయన మందు కూడా ముందే మా ఊళ్లకు వచ్చేసింది. కృష్ణా డెల్టాలో బోదకాలు ఎంత మామూలో ఆ తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. 1955లో కేంద్ర ప్రభుత్వం ఫైలేరియా నియంత్రణ పథకం పెట్టింది. కుర్రతనంలో నేనూ ఆ రాత్రి రక్తపరీక్షలకు తిరిగాను. ఆ పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రయితేనే పైకి వస్తాయి. అందుకని ఎనిమిది దాటాక టార్చిలైటు, స్పిరిటు దూది, సూదులు పట్టుకుని రేపల్లె పక్క ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. నిద్రలోంచి లేపి వేలు పొడిస్తే తిట్టనివాడు లేడు. మర్నాడు స్లైడు నీళ్లలో ముంచితే ఎరుపు దిగిపోతుంది. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే పురుగు పిల్లలు ఒరతో సహా వంకర్లు తిరిగి కనిపించేవి. పాజిటివ్ వచ్చినవాడికి డీఈసీ మాత్రలు ఇచ్చేవాళ్లం. వేసుకున్న రాత్రి జ్వరం తగులుకునేది, మర్నాడు మళ్లీ తిట్లు. ఆ డీఈసీ మొదట హెట్రజాన్ పేరుతో 1947లో లెడర్లీ కంపెనీ నుంచి బయటికొచ్చింది. అక్కడి పరిశోధనలన్నిటికీ పెద్ద సుబ్బారావుగారే.

ఇక ఫోలిక్ యాసిడ్ అనే విటమిను. దీని కథ బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చి, గర్భిణీ కార్మికుల రక్తహీనత ఎందుకు తగ్గడం లేదో వెతికింది. ఈస్టు సారం తినిపిస్తే తగ్గుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఏముందో తేలడానికి పదేళ్లు పట్టింది. 1941లో టెక్సాసులో నాలుగు టన్నుల పాలకూర నలిపితే చిటికెడు పదార్థం దక్కింది. పాలకూర నలిపి దేశాల జబ్బులు నయం చెయ్యలేరు కదా. దాన్ని ల్యాబులో తయారు చేసే దారి 1945లో లెడర్లీలో సుబ్బారావుగారి బృందం కనిపెట్టింది.

ఆయనకు దీని మీద అంత పట్టుదల ఎందుకో నాకు అర్థమవుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి అన్నదమ్ములిద్దరినీ స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. తిన్నది ఒంటపట్టక, రక్తం విరిగి, మనిషి కరిగిపోయే జబ్బది. ఆయనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బయటపడ్డారు. ఆ స్ప్రూ రక్తహీనతను మళ్లించే మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటని తర్వాత తేలింది.

విచిత్రం అక్కడినుంచి మొదలైంది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఈ విటమిను జాతి మందులిచ్చి చూస్తే జబ్బు ఇంకా రెచ్చిపోయింది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏకి ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సరు కణం చేసే పనే చీలడం. అలాగైతే విటమినులాగే ఉండి, విటమిను పని చెయ్యని పదార్థం ఇస్తే? అలాంటి ఎమినోప్టెరిన్ లెడర్లీ నుంచే వెళ్లింది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావుగారు పోయారు.

ఎమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేటు. ఇప్పుడు తెనాలి బోసురోడ్డు మందుల షాపుల్లో కీళ్లవాతానికి కూడా అమ్ముతారు. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ దీన్ని గర్భసంచిలో పుట్టే ఒక రకం క్యాన్సరు మీద వాడి కణితి మాయమవుతుందని చూపించారు. మన ఆడవాళ్లు ముత్యాల గర్భం అంటారే, ఒక్కోసారి దాని తర్వాత వచ్చేది ఆ జబ్బు. అక్కడ జబ్బు ఉందా పోయిందా చెప్పేది హెచ్‌సీజీ, అంటే గర్భం నిలిచిందా లేదా అని చూసే హార్మోనే. మా మేనకోడలికి ఇంకో సంగతి కూడా చెప్పాను: మందుల షాపులో కొనే ఆ గర్భపరీక్ష పట్టీ మీద పడే ఎర్రగీత చాలావాటిలో బంగారు నానో రేణువులదే. అంత సన్నగా నూరితే బంగారం ఎర్రగా కనిపిస్తుంది. రేపల్లెలో ఏళ్ల తరబడి అమ్ముతున్న వస్తువుని నానో టెక్నాలజీ అని ఎవరూ అనలేదంతే.

ఇప్పటివాళ్లు చేసిందల్లా ఫార్బర్ లెక్కను తిరగేసి వాడుకోవడం. అండాశయం, ఊపిరితిత్తుల క్యాన్సరు కణాల్లో చాలావాటికి ఫోలిక్ యాసిడ్‌ను లోపలికి లాగే రిసెప్టర్లు మామూలు కంటే ఎక్కువ. 1991లో పర్డ్యూ యూనివర్సిటీలో లెమన్, లో అనే ఇద్దరు, ఈ విటమినుకు పెద్ద అణువును తగిలించినా కణం దాంతోసహా మింగేస్తుందని చూపించారు. అంటే విటమిను గాలానికి ఎర. ఆ గాలానికి ఐరన్ ఆక్సైడు రేణువు కడితే ఎంఆర్ఐలో కనిపిస్తుంది. బయోసెన్సర్లో ఎలక్ట్రోడు మీదే విటమిను పూసి పెడతారు, కణం వచ్చి అతుక్కుంటే కరెంటు మారుతుంది. రేణువులూ సెన్సర్లూ ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే ఉన్నాయి. ఆపరేషను బల్ల దాకా వచ్చింది మాత్రం పాఫోలాసియానిన్ అనే రంగుమందు. అది రేణువు కాదు, ఎర ఒకటే. 2021లో అమెరికాలో అనుమతిచ్చారు. అండాశయం క్యాన్సరు కోసేటప్పుడు కంటికి ఆనని కణితి ముక్కలు కెమెరాలో మెరుస్తాయి.

మూత్రపిండాలకూ ఆ రిసెప్టర్లున్నాయి, అవీ మెరుస్తాయి. కాబట్టి మెరిసిందల్లా జబ్బు కాదు, ముక్క పరీక్ష ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఆ ముక్కలో జబ్బు తేలితే మద్రాసు దాకా పోనక్కర్లేదు, అది మేలు. బాపట్ల దారిలో పొన్నూరు పక్క గొల్లమూడిపాడు నుంచి వెళ్లిన నన్నపనేని వెంకయ్య చౌదరిగారి నాట్కో, గుంటూరు పెద్దాసుపత్రిలో కట్టించిన క్యాన్సరు బ్లాకు 2020లో తెరిచారు.

మా మేనకోడల్ని నేనడిగింది ఒక్కటే. మన బళ్లలో ఆడపిల్లలు వారానికోసారి మింగే నీలం మాత్రలో, గర్భిణీలు రోజూ మింగే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఫోలిక్ యాసిడే. రక్తంలో అది నిండా ఉంటే రిసెప్టర్లు దాంతోనే నిండిపోతాయి, నీ రేణువుకి చోటేదీ? ఆ రంగుమందు ఇచ్చేవాళ్లు కూడా రెండు రోజుల ముందు నుంచి ఫోలిక్ మాత్రలు ఆపమంటారు. ఈ సంగతి తన ప్రాజెక్టులో లేదంది. శాంపిలు ఫారంలో పేరు, వయసు కింద "చివరి బలం మాత్ర ఎప్పుడు వేసుకున్నారు" అని ఒక గడి గీయమన్నాను. గీసింది.