కొసరు సంచి

సంతలో బేరము ముగిసిన పిమ్మట కొసరు అడుగుట మనకు తాతలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. వంకాయలు తూచిన పిదప అమ్మునామె మరి రెండు కాయలు పైన వేయును. ఆకుకూర కొన్నవారికి గుప్పెడు కొత్తిమీర చేతిలో పెట్టును. ఆ కాయలు ఆమె బుట్టలోనివే; ఆ నష్టము ఆమెదే. కనుక కొసరులో నొక మర్యాద కలదు. ఇచ్చువారు తమ సొమ్ములో నుండి ఇత్తురు. ఆ మర్యాద లేని కొసరు ఒకటి మన కాలమున అంగళ్లలోనికి వచ్చినది. అదియే ప్లాస్టిక్ సంచి. ఊరక వచ్చిన ఆ సంచికి నేడు పట్టణములందలి అంగళ్లలో వెల అడుగుచున్నారు. ఈ వెల న్యాయమా, దోపిడియా అని పెద్దలు నన్ను పలుమారు ప్రశ్నించినారు. దీని చరిత్ర తెలిసినగాని దానికి సమాధానము చెప్పుట సాధ్యము కాదు.

నా బాల్యమున మా యింటి గోడకు కొట్టిన మేకునకు గుడ్డసంచి యొకటి వ్రేలాడుచుండెడిది. మా తండ్రిగారి పాత పంచెను చింపి మా తల్లిగారు దానిని కుట్టిరి. పచారీ కొట్టులో పప్పును, బెల్లమును పాత కాగితముతో పొట్లము కట్టి పురికొస చుట్టి యిచ్చెడివారు. నూనెకు సీసా మనమే కొనిపోవలెను. పురికొసను పారవేయక ఉండగా చుట్టి దాచుట పిల్లల పని. 1990 ప్రాంతమున మా యూరి సంతకు రంగురంగుల పలుచని సంచులు వచ్చినవి. ఒకనాడు మా తండ్రిగారు మేకు నుండి సంచి తీయుచుండగా, పట్నములో చదివి వచ్చిన గర్వముతో నేను, "నాన్నగారూ, ఆ పాత సంచి ఎందుకండీ? అక్కడ ఊరికే ఇస్తున్నారు గదా" అంటిని. ఆయన నా వంక చూచి, "ఊరికే ఎవడిస్తాడురా? ఎక్కడో ఒకచోట వేసుకొనే ఉంటాడు" అనిరి. ఆయనకు లోకజ్ఞానము లేదని నేనానాడు తలచితిని. ఆ మాటలోని సత్యము తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

ప్లాస్టిక్ సంచి పుట్టుక విచిత్రమైనది. 1933లో ఇంగ్లండు దేశమున నార్త్‌విచ్ అను పట్టణమందలి యొక రసాయన కర్మాగారములో గిబ్సన్, ఫాసెట్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఇథిలీన్ అను వాయువును మిక్కిలి యొత్తిడికి లోనుచేసి వేరొక ఫలితమునకై ప్రయోగము చేయుచుండిరి. వారు కోరినది దొరకలేదు; పాత్రలో మైనము వంటి తెల్లని పదార్థము మిగిలినది. అదియే పాలిథీన్. రెండవ ప్రపంచ యుద్ధమున శత్రు విమానములను దూరము నుండి కనిపెట్టు రాడారు యంత్రముల తీగలకు అది తొడుగుగా ఉపకరించెను. 1953లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ తక్కువ యొత్తిడిలోనే దానిని చేయు మార్గము కనుగొని, 1963లో ఇటలీకి చెందిన నట్టాతో కలసి నోబెల్ బహుమానమందెను. అంతట ఆ పదార్థము చౌకయైనది.

దానిని సంచిగా మార్చినవాడు స్వీడన్ దేశపు ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్. పాలిథీన్ గొట్టమును మడచి, కొసలను వేడితో అతికి, పైభాగమున కొంత కోసివేసినచో చేతులు లేని బనియను ఆకారమున సంచి యేర్పడునని ఆయన చూపెను. ఆయన పనిచేసిన సంస్థకు 1965లో అమెరికాలో దీనిపై పేటెంటు లభించెను. ఇందొక విశేషము కలదు. కాగితపు సంచులకై చెట్లు నరకబడుచున్నవను చింతతోనే తన తండ్రి దీనిని కల్పించెనని, ఒక సంచిని మడచి ఎల్లప్పుడు జేబులో ఉంచుకొనెడివాడని, తూలిన్ కుమారుడు తరువాతి కాలమున చెప్పెను. అనగా దానిని చేసినవాడు మరల మరల వాడవలెననియే చేసెను. ఒక్కమారు వాడి పారవేయుట మనము నేర్చుకొన్న విద్య.

ఎందులకు నేర్చితిమి? అది ఊరక దొరకుటచేత. వర్తకునకు సంచి యొక్క ఖర్చు మిక్కిలి స్వల్పము; వట్టిచేతులతో వచ్చినవాడును నాలుగు వస్తువులు ఎక్కువ కొనును. ఆ స్వల్పమును అతడు సరుకు ధరలోనే కలుపుకొనును. కనుక సంచి తెచ్చుకొన్నవాడును, తెచ్చుకొననివాడును సమానముగనే చెల్లించిరి. ఇది మొదటి వెల. రెండవ వెల సంచి పారవేసిన పిదప మొదలగును. దానిని వర్తకుడు చెల్లింపడు, కొన్నవాడును చెల్లింపడు. మురుగుకాలువ చెల్లించును, పశువు చెల్లించును.

బంగ్లాదేశ్‌లో 1988లోను, 1998లోను గొప్ప వరదలు వచ్చినవి. ఢాకా నగరమున నీరు పోవు కాలువలకు ఈ సంచులు అడ్డుపడుటచే ముంపు మరింత యెక్కువయైనదని అక్కడివారు గ్రహించిరి. 2002లో ఆ దేశము పలుచని పాలిథీన్ సంచులను నిషేధించెను. దేశమంతటికిని వర్తించునట్లు ఇట్టి నిషేధము విధించుటలో అదియే మొదటిది. ఇక పశువుల మాట మీకు నేను చెప్పనక్కరలేదు. మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కలను సంచిలో వేసి, మూతి ముడివేసి వీధిలో పారవేయుదుము. ఆవు ముడి విప్పలేదు. సంచితో కూడ మ్రింగును. అది కడుపులో జీర్ణము కాదు, వెలుపలికి రాదు. పశువైద్యులు శస్త్రచికిత్స చేసి ఒక్క ఆవు కడుపు నుండి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సందర్భములు కలవు. పాలు ఇంకిపోయి, మేత మాని, కారణము తెలియక చచ్చిన పశువులకు లెక్క లేదు.

నిషేధము ఒక మార్గము. వెల కట్టుట రెండవ మార్గము. ఈ రెండవ దానిని సాహసముగ నడపి చూపినది ఐర్లండు. 2002లో ఆ దేశపు జనసంఖ్య నలుబది లక్షలకు కొంచెము తక్కువ. అంగళ్లు ఏటేట ఊరక ఇచ్చుచున్న సంచులు నూరు కోట్లకు పైబడినవి. సగటున మనిషికి ఏడాదికి 328 సంచులు. పచ్చని పొలముల కంచెలకును, చెట్లకొమ్మలకును అవి చిక్కి రెపరెపలాడుచుండెడివి. ఎంత వెలయైన సమ్మతింతురని ప్రజలను ముందుగా విచారింపగా, వారు చెప్పినది సగటున రెండున్నర సెంట్ల లోపే. అప్పటి పర్యావరణ మంత్రి నోయెల్ డెంప్సీ. ప్రభుత్వము పన్నును ప్రజలు ఒప్పుకొన్న మొత్తముపై నిలుపక, దానికి ఆరు రెట్లకు పైగా, అనగా సంచికి 15 సెంట్లు చేసెను. సులువుగ ఇచ్చివేయగల పన్ను ఎవరి అలవాటును మార్పదని దీని భావము.

2002 మార్చి 4వ తేదీన ఆ పన్ను అమలులోనికి వచ్చెను. దాని యేర్పాటును పెద్దలు గమనింపవలెను. వర్తకుడు సంచి వెలను సరుకు ధరలో దాచరాదు. బిల్లులో వేరుగ చూపవలెను. ఆ సొమ్ము వర్తకునిది కాదు. లెక్క కట్టి ప్రభుత్వమునకు చెల్లింపవలెను. ప్రభుత్వము దానిని తన ఖర్చులలో కలుపక, పర్యావరణ రక్షణకై యేర్పరచిన ప్రత్యేక నిధిలో వేయవలెను. పచ్చి మాంసము, చేపలు, పండ్లు వేయు చిన్న సంచులకు మినహాయింపు నిచ్చిరి. ఫలితమేమి? మనిషికి 328గా ఉన్న సంచులు 21కి దిగినవి. వీధులలోని చెత్తలో ఈ సంచుల పాలు 2001లో నూటికి 5 వంతులుండగా, మరుసటి యేట అరవంతునకును తగ్గినది. కొన్నియేండ్లకు వాడుక మరల మెల్లగా పెరుగుట చూచి 2007 జూలైలో పన్నును 22 సెంట్లకు పెంచిరి. చెత్తబుట్టలలో వేయుటకు కొను సంచుల అమ్మకము కొంత పెరిగిన మాటయు నిజమే. అయినను జనులు ఆ పన్నును ద్వేషింపలేదు. దాని సొమ్ము ఎచ్చటికి పోవుచున్నదో వారికి తెలియును. సంచి తెచ్చుకొన్నచో ఒక్క సెంటైనను చెల్లింపనక్కరలేదనియు తెలియును. పన్ను తప్పించుకొనుటయే ప్రభుత్వము కోరిన పని యగుట లోకములో అరుదు గదా!

మన దేశపు కథ కొంత వేరు. 1999లో మన ప్రభుత్వము సంచి మందము 20 మైక్రానులకు తగ్గరాదని నిబంధన చేసెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సంచి మరీ పలుచనైనచో గాలికి ఎగిరిపోవును. ఏరి అమ్ముకొనువానికి కిలో కూర్చుట కష్టము కనుక అతడును దానిని ముట్టడు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు మందమును 40 మైక్రానులు చేయుటయే గాక, వర్తకులు ఏ సంచినైనను ఊరక ఇయ్యరాదని శాసించినవి. వెల యెంతయో నిర్ణయించుట ఆయా పురపాలక సంఘములకు విడిచిపెట్టిరి. 2016లో మందము 50 మైక్రానులైనది. ప్లాస్టిక్ సంచులు ఇయ్యదలచిన వర్తకుడు నెలకు 4,000 రూపాయల వంతున ఏడాదికి కనీసము 48,000 రూపాయలు స్థానిక సంస్థకు చెల్లించి నమోదు కావలెనని వ్రాసిరి. సంతలో బుట్ట పెట్టుకొని కూర్చుండు ముసలమ్మ అంత సొమ్ము ఎచ్చటి నుండి తెచ్చును? 2018 మార్చిలో ఆ నిబంధనను తొలగించిరి. దానితో సంచికి వెల పుచ్చుకొనవలెనను శాసనము పోయినది. వెల పుచ్చుకొనుట మాత్రము పెద్ద అంగళ్లలో నిలిచినది.

ఇక్కడ రెండు దేశములకు గల భేదము కనబడుచున్నది. ఐర్లండులో వెల ఎంతయో శాసనములోనే కలదు, సొమ్ము నిధికి పోవును. మన యందు వెల ఊరికొక రీతి. పుచ్చుకొన్నది అంగడివాని పెట్టెలోనికి. 2019లో చండీగఢ్‌లో ఒక చెప్పుల దుకాణమువారు తమ పేరు అచ్చొత్తిన కాగితపు సంచికి 3 రూపాయలు పుచ్చుకొనగా, కొన్నవారు వినియోగదారుల న్యాయస్థానమున ఫిర్యాదు చేసిరి. మీ ప్రకటనను మోయుటకు మోయువాని నుండియే కూలి పుచ్చుకొందురా అన్నట్లుగా తీర్పు వచ్చెను. దుకాణమువారు 9,000 రూపాయల వరకు చెల్లింపవలసి వచ్చెను. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషను ఇట్టి మరియొక వివాదమున, సంచికి వేరుగ వెల యున్నదని కొనువానికి సరుకు ఎంచుకొనక మునుపే తెలియవలెననియు, సరుకంతయు తీసి లెక్క కట్టునప్పుడు చెప్పుట అన్యాయ వ్యాపారమనియు తీర్మానించెను.

కనుక నన్ను అడిగిన పెద్దలకు నా సమాధానమిది. సంచికి వెల కట్టుట దోపిడి కాదు. దాగియున్న వెలను వెలికి తీయుట. అయితే ముందుగ చెప్పి పుచ్చుకొన్నదియు, ఊరి శుభ్రతకు పోవునదియు అయినప్పుడే దానికి ధర్మమను పేరు తగును. చెప్పక పుచ్చుకొని పెట్టెలో వేసికొన్నచో అది వట్టి బేరము.

ఈ మాట పట్టణములకే యని తలపవలదు. 2016 నాటి నిబంధనలు గ్రామములకును వర్తించునట్లు చేయబడినవి. ప్లాస్టిక్ చెత్తను వేరుచేసి తరలించు బాధ్యతను గ్రామపంచాయతీలపై పెట్టినవి. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు తక్కువైన ప్లాస్టిక్ సంచి మన దేశమున చెల్లదు. అనగా మన సంతలో గాలికి ఎగురు పలుచని సంచి శాసనము ననుసరించి ఉండరాని వస్తువు. అది యింకను ఉన్నదనిన, అడుగువారు లేకపోవుటచేతనే. సంతవేలము పాడుకొనువానితో చేసికొను ఒప్పందములో ఈ యొక్క మాట చేర్చుటకు పంచాయతీలోని పెద్దలకు అడ్డమేమి?

గుడ్డసంచి విషయమున ఒక హెచ్చరిక చేయవలెను. ప్రత్తి పండించుటకు నీరు, ఎరువు, శ్రమ కావలెను. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో ప్రకటించిన లెక్క ప్రకారము, వాతావరణమునకు కలుగు హానిని బట్టి చూచినచో, ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ సంచితో సమానము కావలెనన్న నూలుసంచిని 131 మారులు వాడవలెను. పెండ్లిండ్లలో పంచిపెట్టగా బీరువాలలో పేరుకొనిపోవు క్రొత్త గుడ్డసంచులు ఈ లెక్కకు నిలువవు. మా తల్లిగారు కుట్టినది నిలుచును. అది క్రొత్త బట్ట కాదు, చినిగిన పంచె. వారమునకొక సంత చొప్పున పదియేండ్లకు పైగా నడచినది. పిమ్మట లాంతరు తుడుచు గుడ్డయైనది.

మా తండ్రిగారు పోయిన కొన్ని యేండ్లకు మా పాడిగేదె యొకటి మేత మానినది. పశువైద్యుడు వచ్చి దాని కడుపు నొక్కి చూచి, ఆలస్యమైనదనెను. కోసి చూడగా నల్లబడిన సంచుల ముద్ద బయటపడినది. అవి మా పెరటి దిబ్బ మీదివే. మా చేతులతో ముడివేసి పారవేసినవే. "ఎక్కడో ఒకచోట వేసుకొనే ఉంటాడు" అన్న మాట నాడు నా చెవిలో మ్రోగెను. వేసికొన్నది మా గేదె మీదనే.

ఇప్పుడు మా యింటి గోడకు ఆ మేకు ఇంకను కలదు. దానికి సంచి యొకటి వ్రేలాడుచున్నది. సంతకు బయలుదేరునప్పుడు మా మనుమడు దానిని తీసి నా చేతికిచ్చును. నేనతనికి ఏమియు బోధింపలేదు, చూచి నేర్చుకొన్నాడు.