సూర్యుని మచ్చలు - వానల లెక్క

అరసవల్లి వాసులకు సూర్యునికీ పంటకూ ఉన్న సంబంధం ఒకరు చెప్పనవసరం లేదు. మార్చిలోనూ, అక్టోబరులోనూ స్వామివారి పాదాలపై కిరణాలు పడే రోజుల కోసం ఎదురుచూసే ఊరు మనది. అయితే సూర్యబింబం మీది నల్లమచ్చలకూ, మన వానలకూ సంబంధం ఉన్నదా అని ఒకప్పుడు పెద్ద చర్చ జరిగిన సంగతి మన సభ్యులలో చాలామందికి తెలిసి ఉండదు.

ఈ మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి, తగ్గుతుంటాయి. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనం మరణించారు. (మన చికాకోలు అప్పుడు ఆ రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది.) 1877లో హంటర్ అనే తెల్లదొర, మద్రాసు పట్టణంలో 1813 నుంచి కురిసిన వాన లెక్కలు తీసి, మచ్చలు తగ్గిన ఏళ్లలో వానలూ తగ్గుతున్నాయని వాదించాడు. చూడబోతే నిజమే అనిపిస్తుంది. 1833లో మచ్చలు బాగా తగ్గాయి, ఆ రోజుల్లోనే గుంటూరు సీమలో డొక్కల కరువు. 1867లో తగ్గాయి, అంతకు ముందు ఏడే గంజాంలో కరువు. 1878లో తగ్గాయి, ధాత కరువు సరేసరి. ఇంకేం కావాలి? కాని 1896-97లో మళ్లీ పెద్ద కరువు వచ్చింది. దానికి రెండు మూడేళ్ల ముందే, 1894లో, మచ్చలు హెచ్చుస్థాయిలో ఉన్నాయి! కరువుకు మూలం ఆకాశంలో ఉందంటే దొరతనానికి కొంత హాయి అని నా అభిప్రాయం. ధాత కరువు ఏళ్లలోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు మరి.

కలిసిన ఏళ్లు చెప్పి, కలవనివి వదిలేస్తే లెక్క కాదు. 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. కార్ల్ పియర్సన్ రూపొందించిన సహసంబంధ గుణకాన్ని ఆయన వానలకు వర్తింపజేశాడు. పద్ధతి మనబోటి వారికి అర్థమయ్యేదే. ప్రతి ఏడూ మచ్చలు సగటుకు ఎంత ఎక్కువో తక్కువో, వాన ఎంత ఎక్కువో తక్కువో రాసుకుని, రెంటినీ గుణించి, అన్ని ఏళ్లవీ కూడాలి. రెండూ ఒకే వైపు పోతే ప్లస్సు, ఎదురుబొదురైతే మైనస్సు. ఒకదానికొకటి కొట్టుకుపోతే జవాబు సున్నా దరిదాపుల్లో ఉంటుంది. ఆ మొత్తాన్ని రెంటి హెచ్చుతగ్గుల పరిమాణంతో భాగిస్తే, పూర్తిగా జతకూడినప్పుడు 1 వస్తుంది. ఈ కూడికలూ గుణకారాలూ ఏళ్లతరబడి చేసినవారు మనవంటి భారతీయ గుమాస్తాలే. యంత్రాలు ఎక్కడివి!

1914లో వాకర్ ఒక హెచ్చరిక రాశాడు. వందల జతలు పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా, కేవలం అదృష్టవశాత్తు కొన్నిటికి పెద్ద అంకె వస్తుంది. అందుచేత ఏరుకున్న అంకెను మామూలు కొలతతో కాక, ఇంకా కఠినమైన కొలతతో చూడాలన్నాడు. 1915లో మచ్చల లెక్క తేల్చాడు. వానను ముందుగా చెప్పడానికి పనికివచ్చేంత బలం ఆ సంబంధానికి లేదు.

అదే పద్ధతిలో వెదుకుతుండగా మరొకటి నిలబడింది. పసిఫిక్ మహాసముద్రం మీద గాలి ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది, తక్కెడలాగా. వేసవి రాగానే పేపర్లలో మనం చదివే ఎల్ నినోతో దీన్ని 1969లో బ్యర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు ముడిపెట్టాడు. ఇదీ తిరుగులేనిది కాదు. 1997లో ఎల్ నినో అతి తీవ్రంగా ఉన్నా దేశంలో నైరుతి వానలు సగటుకు తగ్గలేదు. 2002లో అంత తీవ్రం కాకపోయినా దాదాపు అయిదోవంతు లోటు పడింది.