“పనిచేస్తుందా?” అన్నది సగం ప్రశ్నే - బీసీజీ టీకా వందేళ్ళ కథ

2020 మార్చి నెలాఖర్లో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. బీసీజీ టీకా అందరికీ వేసే దేశాల్లో కరోనా మరణాలు తక్కువగా ఉన్నాయనీ, ఇటలీ, అమెరికా లాంటి అందరికీ వేయని దేశాల్లో ఎక్కువగా ఉన్నాయనీ ఒక అధ్యయనం తేల్చిందని దాని సారాంశం. ఇంకేముంది, “మన జబ్బ మీద బీసీజీ మచ్చ ఉంది, మనకేం కాదు” అన్న ధీమా బయల్దేరింది. నిజానికి అది అప్పటికింకా ఇతర శాస్త్రజ్ఞుల పరిశీలనకు నిలబడని ముసాయిదా పత్రం. ఆ సంగతి చాలామందికి పట్టలేదు.

రోజూ వచ్చే ఇలాంటి వైద్య వార్తల్ని ఎలా చదవాలి? ఈ ప్రశ్నకు జవాబు ఆ బీసీజీ చరిత్రలోనే ఉంది. ఇంతగా పరీక్షలకు గురైన టీకా, ఇన్ని రకాల జవాబులు చెప్పిన టీకా మరొకటి దొరకడం కష్టం.

దేనితో పోలిస్తే?

ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువుల క్షయ క్రిమిని తీసుకుని 13 ఏళ్ళ పాటు, 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని పదును పోగొట్టారు. 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే, టీకా తీసుకున్న పిల్లల్లో మరణాలు బాగా తగ్గాయని కాల్మెట్ లెక్కలు చూపించాడు. ఆ లెక్కల్ని బ్రిటిష్ గణాంకవేత్త మేజర్ గ్రీన్‌వుడ్ తప్పుబట్టాడు. టీకా వేసిన పిల్లల్ని అన్ని విధాలా వాళ్ళలాంటి, టీకా వేయని పిల్లలతో పోల్చలేదు కదా అన్నది అసలు అభ్యంతరం.

ఈలోగా జర్మనీలోని ల్యూబెక్ పట్నంలో ఘోరం జరిగింది. 1930లో టీకా మందు తాగించిన పసిపిల్లల్లో 72 మంది చనిపోయారు. అక్కడి ప్రయోగశాలలో టీకా మందులో అసలైన క్షయ క్రిములు కలిసిపోవడమే కారణమని విచారణలో తేలింది. తప్పు టీకాది కాకపోయినా చెడ్డపేరు మాత్రం దానికే వచ్చింది, చాలాకాలం పోలేదు.

పోలిక ఎలా ఉండాలన్న ప్రశ్నకు చక్కటి జవాబు న్యూయార్క్ నగరంలో దొరికింది. అక్కడ 1927 నుంచి 1932 వరకు ఏ బిడ్డకు టీకా వేయాలో, ఎవరికి వేయకూడదో డాక్టర్లే నిర్ణయించారు. టీకా వేసిన 445 మందిలో క్షయతో చనిపోయినవాళ్ళు 3. వేయని 545 మందిలో 18. అంటే మరణాలు అయిదో వంతుకు పడిపోయాయన్నమాట! దీనికి మించిన రుజువు ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. 1933 నుంచి పద్ధతి మార్చారు. ఎంపిక డాక్టర్ల చేతుల్లోంచి తప్పించి, ఒక బిడ్డకు టీకా, తర్వాతి బిడ్డకు లేదు, ఇలా వరసగా పంచారు. రెండు వైపులా 500 పైచిలుకు పిల్లలు. ఈసారి టీకా వేసినవాళ్ళలో మరణాలు 8, వేయనివాళ్ళలోనూ 8!

టీకా అదే, ఊరు అదే. మరి ముందు కనిపించిన తేడా ఎక్కడికి పోయింది? మొదటి దశలో డాక్టర్లు తెలియకుండానే బాగా సహకరించే తల్లిదండ్రుల పిల్లల్నే టీకాకు ఎంచుకున్నారు. చెప్పిన తేదీకి బిడ్డను తీసుకొచ్చే తల్లి ఇంట్లో జాగ్రత్తలూ ఎక్కువే తీసుకుంటుంది. ఆ బిడ్డను కాపాడిన దాంట్లో టీకా వాటా ఎంతో, తల్లి జాగ్రత్త వాటా ఎంతో ఆ లెక్కల నుంచి విడదీయలేం. 1946లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. “ఫలానాది తినేవాళ్ళకు గుండెజబ్బు తక్కువ” అన్న వార్త ఎప్పుడు చదివినా ఈ న్యూయార్క్ పిల్లల్ని గుర్తు చేసుకోవాలి. అది తినేవాళ్ళు, తిననివాళ్ళు మిగతా అన్ని విషయాల్లో ఒకేలాంటి మనుషులేనా?

ఎక్కడ?

న్యూయార్క్ ఫలితం చూసి బీసీజీ దండగ అని తేల్చేసినవాళ్ళు ఉంటే వాళ్ళూ తొందరపడ్డట్టే. 1950 నుంచి బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పెద్ద పరీక్ష చేసింది. బడి చదువు ముగించే వయసులో ఉన్న 54 వేల మంది పిల్లల్ని తీసుకుంది. అప్పటికి క్షయ క్రిమి సోకలేదని చర్మ పరీక్షలో తేలినవాళ్ళను రెండు గుంపులు చేసి పోల్చితే, టీకా దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చినట్టు తేలింది.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో జార్జియా, అలబామా ప్రాంతాల్లో చేసిన పరీక్షలో 14 శాతమే వచ్చింది. ప్యూర్టోరికోలో 30 శాతం దాకా వచ్చింది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో చేసిన పరీక్షలోనూ ఇంగ్లండులో కనిపించినంత రక్షణ కనిపించలేదు.

ఇవన్నీ నిజాయితీగా చేసిన పరీక్షలే. వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా ఒక పతాక శీర్షిక తయారవుతుంది. “బీసీజీ అద్భుతం” అని ఒకటి, “బీసీజీ బూటకం” అని ఇంకొకటి.

రాజాజీ వ్యతిరేకత

మన దేశంలో సామూహిక బీసీజీ ఉద్యమం 1951లో మొదలైంది. దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో రాజగోపాలాచారి ప్రముఖుడు. 1955లో తన వ్యతిరేకతకు కారణాలు చెబుతూ ఒక చిన్న పుస్తకమే వేశాడు. ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాను సమర్థించింది. ఇక్కడ మనబోటి వాళ్ళకు ఒక చిక్కు ఉంది. సైన్సు పక్షాన నిలబడటమంటే ప్రభుత్వం పక్షాన నిలబడటమేనా? అప్పటికి బ్రిటన్ పరీక్ష మొదటి ఫలితాలే రాలేదు. అవి 1956లో వచ్చాయి. మన గాలికీ, మన నేలకీ, మన జనానికీ ఈ టీకా ఎంత పనిచేస్తుందో చెప్పే గట్టి ఆధారం 1955లో ఇరుపక్షాల దగ్గరా లేదు.

ఎవరిలో, దేని మీద?

ఆ ఆధారం కోసమే చెంగల్పట్టు పరీక్ష. 1968లో భారత వైద్య పరిశోధనా మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం కలిసి మద్రాసు పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టాయి. రెండున్నర లక్షల మందికి పైగా టీకాయో, టీకాలా కనిపించే ఉత్తి ద్రవమో వేశారు. ఎవరికి ఏది పడిందో వేసేవాళ్ళకూ తెలియదు, వేయించుకునేవాళ్ళకూ తెలియదు. “పాత పరీక్షల్లో టీకా మందు నాసిరకం కాబట్టి ఫలితం రాలేదు” అనే సాకుకు తావివ్వకుండా, బాగా పనిచేస్తాయని పేరున్న రెండు రకాల బీసీజీని ఎంచుకున్నారు.

1979-80లో ఏడున్నరేళ్ళ ఫలితాలు బయటికొచ్చాయి. టీకా వేసినవాళ్ళలోనూ, వేయనివాళ్ళలోనూ ఊపిరితిత్తుల క్షయ ఇంచుమించు ఒకేలా వచ్చింది. రక్షణ సున్నా. పదిహేనేళ్ళ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. పెద్దవాళ్ళలో అప్పుడూ సున్నాయే. పిల్లల్లో 27 శాతం రక్షణ లెక్కకు వచ్చింది కానీ, అది యాదృచ్ఛికం కూడా కావచ్చునన్నంత బలహీనంగా ఉంది.

అయితే రాజాజీ గెలిచినట్టేనా? ఆ తర్వాత కూడా మన ప్రభుత్వం పసిపిల్లలకు బీసీజీ వేస్తూనే ఉంది, ఇప్పటికీ వేస్తోంది. ఇది మొండితనమా?

కాదు. చెంగల్పట్టు పరీక్ష అడిగిన ప్రశ్న ఏమిటో చూడాలి. కఫంలో క్రిములు కనిపించే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపుతుందా అన్నది ఆ ప్రశ్న. అది ముఖ్యంగా పెద్దవాళ్ళలో వచ్చే జబ్బు. పసిపిల్లల్లో క్షయ రూపం వేరు. మెదడు పొరలకు పాకుతుంది, ఒళ్ళంతా వ్యాపిస్తుంది, త్వరగా ప్రాణం తీస్తుంది. వీటి మీద బీసీజీ 70 శాతానికి పైగా రక్షణ ఇస్తుందని వేరే అధ్యయనాలు చెబుతున్నాయి. 2002లో ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల మంది పసిపిల్లలకు వేసిన టీకా, దాదాపు 30 వేల మందిని మెదడు పొరల క్షయ నుంచి కాపాడిందని 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క.

కాబట్టి “చెంగల్పట్టులో బీసీజీ విఫలమైంది” అన్నదీ నిజమే, “పసిబిడ్డకు బీసీజీ వేయించాలి” అన్నదీ నిజమే. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మరి బ్రిటన్‌లో 80, చెంగల్పట్టులో సున్నా ఎందుకు? భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ రక్షణ తగ్గుతున్నట్టు 1994లో పరీక్షలన్నిటినీ కలిపి చూసినవాళ్ళు గమనించారు. వేడి ప్రాంతాల మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి దాయాదుల్లాంటి సూక్ష్మజీవులు మెండుగా ఉంటాయి. చిన్నప్పటి నుంచి వాటితో పరిచయమైన ఒంటికి టీకా కొత్తగా నేర్పేది తక్కువన్నది ఒక వివరణ. టీకా వేసే నాటికి క్షయ క్రిమి సోకనివాళ్ళలోనే అది బాగా పనిచేస్తుందన్నది ఇంకొకటి. కానీ 1999 నివేదిక రాసినవాళ్ళు దాయాది క్రిముల వాదన ఒక్కటే తమ ఫలితాన్ని వివరించలేదన్నారు. లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు.

మళ్ళీ 2020

ఇప్పుడు మొదటి వార్తకు వద్దాం. దేశాలను పోల్చినప్పుడు బీసీజీ ఒక్కటే తేడానా? జనాభా వయసు, పరీక్షలు చేసిన తీరు, మరణాలు నమోదు చేసిన తీరు, వైరస్ ఏ దేశంలోకి ఎప్పుడు చేరింది, ఇవన్నీ తేడాలే. న్యూయార్క్ డాక్టర్ల పొరపాటే ఇక్కడ దేశాల స్థాయిలో జరిగింది. 2020 ఏప్రిల్‌లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ బీసీజీ కరోనాను ఆపుతుందనడానికి ఆధారం లేదని చెప్పింది. 2021 వేసవిలో మన దేశాన్ని రెండో వేవ్ ఎలా ముంచెత్తిందో చూశాం. జబ్బ మీది మచ్చ ఎవరినీ ఆదుకోలేదు.

సరైన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. ఆస్ట్రేలియా, బ్రెజిల్ తదితర అయిదు దేశాల్లో సుమారు 4 వేల మంది వైద్య సిబ్బందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి చూశారు. ఆరు నెలల్లో లక్షణాలున్న కరోనా బీసీజీ గుంపులో 14.7 శాతం, ఉత్తి ఇంజక్షన్ గుంపులో 12.3 శాతం మందికి వచ్చింది.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. ఈ అంకెల్ని పట్టుకుని “బీసీజీతో కరోనా ముప్పు 20 శాతం పెరుగుతుంది” అని శీర్షిక పెట్టొచ్చు. అంకెల ప్రకారం అబద్ధం కాదు. కానీ నూటికి రెండు చిల్లర తేడా అది. అంత తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలదని పరిశోధకుల లెక్కే చెబుతోంది. ఆ పరీక్ష నుంచి మనం తీసుకోదగ్గది ఒక్కటే, బీసీజీ వల్ల కరోనా నుంచి రక్షణ కనిపించలేదు.

మన హేతువాదుల్లో కూడా ఒక అలవాటు ఉంది. నచ్చిన ఫలితం వస్తే “సైన్సు రుజువు చేసింది” అంటాం. నచ్చనిది వస్తే దాన్లో లోపాలు వెతుకుతాం. న్యూయార్క్ పరిశోధకులు చేసింది దీనికి తలకిందులు. తమకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్నే అనుమానించి, పద్ధతి మార్చి, మళ్ళీ మొదలుపెట్టారు. చెంగల్పట్టు ఫలితం వచ్చినప్పుడు అది ఎవరికీ రుచించేది కాదు, అయినా అచ్చువేశారు. బాబాలకూ సైన్సుకూ ఉన్న తేడా ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు నాకు తెలియవు.

ఇదంతా పుస్తకాల్లోని చర్చే అనుకోకండి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. “చిన్నప్పుడు టీకా వేయించుకున్నాను, నాకు టీబీ ఎందుకొస్తుంది?” అనుకుని రెండు వారాలు దాటిన దగ్గును పట్టించుకోనివాళ్ళు మన చుట్టూ ఉన్నారు. చెంగల్పట్టులో లక్షల మంది చేతులు చాచి సంపాదించిపెట్టిన జవాబు వాళ్ళకోసమే. పెద్దయ్యాక ఆ మచ్చను నమ్ముకోవద్దు, కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. అలాగే, పుట్టిన బిడ్డకు బీసీజీ మానకండి.